పోతలో పడ్డ ఏడాది

మల్లక్క వ్యాను ఇంజను పట్టేసింది ఎక్కడంటే, ఓపెన్‌కాస్టు గని మట్టిగుట్ట పక్కన ఎత్తెక్కే రోడ్డు మీద. పొద్దున ఆరున్నర. లోపల పదమూడు మంది ఆడవాళ్లు. గుట్టల మీద మొక్కలు నాటి నీళ్లు పోసే కాంట్రాక్టు పనికి పోతున్నారు. టక్కున ఇంజను ఆగి బండి వెనక్కి జారబోయింది. మల్లక్క రెండు కాళ్లతో బ్రేకు తొక్కి, హ్యాండ్‌బ్రేకు గుంజి, "దిగుండ్రి, జల్ది దిగుండ్రి" అని కేక పెట్టింది. దిగినవాళ్లు టైర్ల కింద రాళ్లు పెట్టేదాకా సీట్లోంచి కదల్లేదు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ బండికి తాడు కట్టి లాక్కొచ్చి రాజకుమారి షెడ్డు ముందు నిలబెట్టారు.

గోదావరిఖని మొత్తంలో ఇంజను విప్పి కట్టే ఆడమనిషి రాజకుమారి ఒక్కతే. నలభై మూడేళ్లుంటాయి. చీర మీద భర్త జగదీశ్వర్ పాత డ్యూటీ చొక్కా వేసుకుని, జుట్టు ముడేసి, పొద్దున తొమ్మిదికల్లా పనిలో ఉంటుంది. పని నేర్పింది ఆమె తండ్రి మొగిలి. ఆయన గని వర్క్‌షాపులో ఫిట్టర్. డ్యూటీ దిగాక క్వార్టర్ ముందు వేపచెట్టు నీడలో జీపులు, స్కూటర్లు బాగుచేసేవాడు. పక్కన కూర్చుని పానాలు అందించే బిడ్డకు ఒకరోజు ఒక ఇంజను చూపించి చెప్పాడు:

"ఇనుము మీద రెండు రాతలుంటయి బిడ్డా. ఒకటి పోసేటప్పుడే పడ్తది, ఉబ్బెత్తుగ. ఇంకోటి తర్వాత గుద్దుతరు, లోతుగ. గుద్దింది మనిషి మాట. ఎట్లనన్న మార్చచ్చు. పోతల పడ్డది మాత్రం దాని పుట్టుక. అది మారదు."

రాజకుమారి ఆ మాటను ఊరికే వినలేదు. అప్పటినుంచి తన చేతికొచ్చిన ప్రతి ఇంజను నెంబరు మీదా కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆ అచ్చును పాత డైరీల్లో అంటిస్తూ వచ్చింది. పక్కన పోత నెంబరు, నెల, ఏడాది. అట్లాంటి డైరీలు తొమ్మిది ఉన్నాయి ఆమె దగ్గర. దేనికని ఎవరైనా అడిగితే, "ఉత్తగనే, సరదా" అనేది.

ఆ షెడ్డు ఆమె సొంతం కాదు. లింగమూర్తిది. ఊళ్లో అందరికంటే పెద్ద పాత ఇంజన్ల యార్డు ఆయనదే. మొగిలితో ఒక్క ఊరి నుంచే వచ్చినవాడు. పదిహేడేళ్ల కింద, ఆడమనిషి మెకానిక్ ఏందని ఎవరూ జాగా కిరాయికి ఇవ్వని రోజుల్లో, యార్డు ముందు మూలన రేకులు వేయించి, "ఇండ్ల చేసుకో బిడ్డా, ఎవలేమంటరో నేను చూస్త" అన్నవాడు. రాజకుమారి ఆయనను కాకా అని పిలుస్తుంది. ఊళ్లో సగం మంది డ్రైవర్లు కూడా అట్లాగే పిలుస్తారు. వ్యాను డ్రైవర్ల సంఘానికి ఆయన గౌరవ అధ్యక్షుడు.

మల్లక్క పాత ఇంజను ఇక పనికిరాదని తేలాక, ఆ యార్డులోంచే ఇంకొకటి కొన్నది. "పంతొమ్మిది మోడల్. ఆక్సిడెంటయిన బండిది. మూడేండ్లే తిరిగింది" అన్నాడు లింగమూర్తి. కాగితం కూడా ఇచ్చాడు. ఇద్దరు మనుషులు ఇంజనును మోసుకొచ్చి రాజకుమారి బల్ల మీద పెట్టిపోయారు.

బిగించే ముందు కడగడం రాజకుమారి అలవాటు. కిరోసిన్ పోసి, తీగ బ్రష్‌తో రుద్దుతుంటే మొదట ఆమె కళ్లు ఆగింది గుద్దిన నెంబరు దగ్గర. ఫ్యాక్టరీలో ఆ చోటును మిషను మీద చదును చేస్తారు. సన్నని గీతలు పక్కపక్కన, దువ్వినట్టు ఉంటాయి. ఇక్కడ గీతలు లేవు. గుండ్రంగా తిరిగిన మరకలున్నాయి. చేతి గ్రైండరు పెడితే పడే మరకలు. నెంబరులో రెండు నాలుగులున్నాయి. ఆ ఇంజను కంపెనీ గుద్దే నాలుగు పైన విచ్చుకుని ఉంటుంది. ఇవి రెండూ మూసుకుని ఉన్నాయి.

రాజకుమారి బ్రష్ కింద పెట్టింది. సెల్ఫ్ మోటరు బిగించే చోటు కిందికి వంగి, అక్కడ గట్టిపడ్డ గ్రీజును స్క్రూడ్రైవరుతో గీకింది. గుడ్డతో తుడిచింది. చిన్న గుండ్రటి ముద్ర బయటపడింది. మధ్యలో ఉబ్బెత్తు అంకెలు: 11. చుట్టూ చుక్కలు. వేలితో తడిమి లెక్కపెట్టింది. తొమ్మిది.

రెండువేల పదకొండు, తొమ్మిదో నెల. ఆ నెలలో ఈ ఇనుము కరిగి అచ్చులో పడ్డది.

గ్రైండరు ఎవరి చేతిలో తిరిగిందో ఆమెకు తెలియంది కాదు. యార్డు వెనక గదిలో అప్పుడప్పుడు ఆ చప్పుడు వినిపించేది. రేకులు కోస్తున్నారేమో అనుకునేది. అనుకోవాలనుకునేది.

మధ్యాహ్నం మల్లక్క వచ్చింది. రాజకుమారి ఆమె వేలు పట్టుకుని ఆ ముద్ర మీద పెట్టింది.

"ఏందిది చెల్లె?"

"దీని పుట్టిన తారీకు. నీకు పంతొమ్మిదని చెప్పిన ఇంజను పదకొండుది అక్కా. మీద నెంబరు గీకి మళ్ల గుద్దిండ్రు. లోపల సిలిండర్లు కూడ అరిగినయి. నేను బిగియ్య."

మల్లక్క ఇంజను మీంచి వేలు తీసేసింది. "గట్లనకు. పది రోజులల్ల బండి రాకపోతె కాంట్రాక్టరు ఇంకోల్లను పెట్టుకుంటడు. ఎట్లనో నడిస్తె చాలు, బిగియ్యి."

"మళ్ల గదే ఎత్తు మీద పట్టేస్తె? గప్పుడు రాళ్లు పెట్టే టైము కూడ దొరకకపోతె?"

మల్లక్క బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "కాకను అడుగు. తెల్వక ఇచ్చిండేమో" అంది. ఆ మాట తనకే నమ్మబుద్ధి కానట్టు మెల్లగా అంది.

రాజకుమారి చేతులు తుడుచుకుని యార్డులోకి నడిచింది. లింగమూర్తి కూలరు ముందు కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"కాకా, మల్లక్క ఇంజను పంతొమ్మిది కాదు. పదకొండు."

ఆయన పేపరు మడవలేదు. "కాయితం చూసినవా?"

"చూసిన. కాయితం మంచిగనే ఉంది. ఇనుమే ఒప్పుకుంటలేదు."

అప్పుడు మడిచాడు. నవ్వాడు. "పిచ్చిదానా, పోసినంక పోతను కొన్నొద్దులు అట్లనే ఆరేస్తరు. నీకు తెల్వదా? ఎప్పుడో పోసిన బ్లాకు ఎనుక వాడి ఉంటరు."

"ఆరేస్తరు. నెల, రెండు నెలలు. ఎనిమిదేండ్లు ఎవలు ఆరేస్తరు కాకా? పద్నాలుగు సంది గా కంపెనీ అచ్చే మార్చింది. పాత పోత నెంబరు చివర మూడుండె, కొత్తదానికి అయిదు. ఇది మూడు. నా డైరీలల్ల నలభై ఇంజన్ల లెక్కుంది, చూపిస్త రా."

లింగమూర్తి నవ్వు ఆగింది. గొంతు మాత్రం పెంచలేదు. "బోల్టులు బిగిచ్చే పని నీది. గది చెయ్యి. నెంబర్ల సంగతి నేను చూసుకుంట. ఇంజను మారిందని ఆర్సీల ఎక్కియ్యాలంటె కాయితం నాది, పెన్సిల్ ప్రింటు నీది. రెండు కలుస్తయి. ఎవలు అడుగరు."

"నేను అడిగిన కద."

"నీకు జాగ ఇచ్చింది ఎవలు?"

ఈ మాట వస్తుందని రాజకుమారికి తెలుసు. ఈయన లేకపోతే తను ఇంకా ఎవరింట్లోనో కుట్టుమిషను తొక్కుతూ ఉండేది. అది నిజం. ఆ నిజాన్ని ఆమె ఎప్పుడూ దాచుకోలేదు.

"నువ్వే ఇచ్చినవ్. సచ్చేదాక చెప్పుకుంట. కని జాగ నీది కాకా, కండ్లు నావి. చూసినదాన్ని చూడలేదనుమంటె నాతోని కాదు."

"అయితె నా జాగ నాకు ఇడిచిపెట్టు. ఆదివారం దాక టైము."

"సరే" అని ఆమె వెనక్కి తిరిగింది. షెడ్డు దాకా నడిచి వచ్చాక గానీ తను ఏమన్నదో ఆమెకే అర్థం కాలేదు. బల్ల మీద పానా తీసుకుని మళ్లీ పెట్టేసింది.

మరునాడు పొద్దున్నే వ్యాన్ల అడ్డా నుంచి నలుగురు డ్రైవర్లు వచ్చారు. వాళ్లలో ముందున్నది సదయ్య. పెద్దమనిషి. నలుగురి ఇంజన్లూ ఆ యార్డువే.

"ఇగో అక్కా, నువ్వు మల్లక్క సంగతి పెద్దగ చేస్తె అందరి బండ్లు చూస్తరు" అన్నాడు సదయ్య. "మా ఇంజను కూడ గట్లనే ఉంటె బండి సీజు చేస్తరు. ఇల్లెట్ల గడుస్తది? నీ పంతానికి మమ్ముల ఆగం చేస్తవా?"

"నీ ఇంజను ఎట్లుందో నీకు తెల్సా సదయ్యన్నా?"

"తెల్వదు. తెల్సుకునుడు కూడ ఒద్దు."

"మంది బిడ్డలను ఎక్కిచ్చుకుని పోతవు కద బండ్ల."

సదయ్య తల పక్కకు తిప్పుకున్నాడు. వెనకున్న ఒకడు, "సంఘం తీర్మానం చేస్తది. ఇగ నీ దగ్గరికి ఒక్క బండి రాదు" అన్నాడు. 

"రాకుంటె పాయె. నేను పోయి బతిలాడ" అంది రాజకుమారి. అంది గానీ వాళ్లు వెళ్లిపోయాక చాలాసేపు ఏ పనీ ముట్టుకోలేదు. లింగమూర్తి మీద కోపం తెచ్చుకోవడం తేలిక. సదయ్య కళ్లలో ఉన్న భయం మీద కోపం తెచ్చుకోవడం ఆమె వల్ల కాలేదు. అది ఇల్లు గడిచే భయం.

ఇంటికి పోయేసరికి మొగిలికి సంగతంతా చేరింది. మిషన్ల మోతలో ఆయన చెవులు ఎప్పుడో మొద్దుబారాయి. అందుకే గట్టిగా మాట్లాడతాడు. "లింగమూర్తితోని పెట్టుకోకు. నేనూ వాడూ ఒక్క కంచంల తిన్నోళ్లం" అని అరిచాడు.

"నువ్వే కద బాపూ నేర్పింది!" ఆమె కూడా అరవాల్సి వచ్చింది.

"సదువుమని నేర్పిన. లొల్లి పెట్టుకొమ్మని నేర్పలే."

"సదివి గమ్మున కూసుండేదానికి సదువెందుకు?"

ఫస్టు షిఫ్టు దిగి వచ్చి మంచం మీద పడుకున్న జగదీశ్వర్ కళ్లు మూసుకునే, "రేపు పెద్దపల్లికి ఏ బస్సుకు పోతవు?" అని అడిగాడు. వెళ్లాలని ఆమె ఇంకా ఎవరికీ చెప్పలేదు.

మరునాడు పొద్దున బస్టాండులో మల్లక్క ముందే వచ్చి నిలబడి ఉంది. "నువ్వు ఈడికే వస్తవని తెల్సు. రాత్రంత ఆలోచన చేసిన చెల్లె" అంది. "గా పదమూడు మంది నా మాట మీద బండి ఎక్కుతరు. కాకను చూసి కాదు. నడువు, ఫిర్యాదు నేను రాస్త. బండి నాది."

పెద్దపల్లి రవాణా ఆఫీసులో వాహనాల తనిఖీ అధికారి త్రివిక్రమ్. మంథనివాడు, ముప్పై అయిదేళ్లుంటాయి. తీరుబడిగా, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడే మనిషి. ఫిర్యాదు చదివి, లింగమూర్తి కాగితం చూసి, రాజకుమారి తెచ్చిన పెన్సిల్ ప్రింటును దానితో పోల్చాడు.

"నెంబరు సరిపోయింది కదమ్మా. ఇంకేమిటి మీ అభ్యంతరం?"

"సరిపోయేటట్టే గుద్దిండ్రు సార్. అందుకే వచ్చినం."

ఆమె డైరీ తెరిచి పెట్టింది. అదే కంపెనీ ఇంజన్ల అచ్చులు పేజీల నిండా. ప్రతి నాలుగూ పైన విచ్చుకుని ఉంది. పక్కన మల్లక్క ఇంజను అచ్చు పెట్టింది. త్రివిక్రమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. పేజీ తిప్పాడు. ఇంకొకటి తిప్పాడు.

"ఇవన్నీ మీరే తీశారా?"

"నా చేతికి వచ్చినయన్ని."

"పోత మీద తేదీ ఉందన్నారు. దాని అచ్చు లేదేం?"

"అది ఉబ్బెత్తుగ, లోపలికుంటది సార్. కాయితానికి అందది. వంగి చూడాలె. మీరు రావాలె."

త్రివిక్రమ్ దగ్గరికి నెంబర్లు ఎప్పుడూ కాగితం మీదే వచ్చేవి. "శనివారం వస్తాను" అన్నాడు. "ఇంజనును కదిలించకండి. ఎవరు అడిగినా ఇవ్వకండి."

ఆ మూడు రోజులూ రాజకుమారి, మల్లక్క వంతులేసుకుని షెడ్డులో కూర్చున్నారు. శుక్రవారం యార్డు మనుషులు ఇద్దరు ఇంజను తీసుకుపోతామని వచ్చారు. కాక వాపసు తీసుకుంటున్నాడట, వేరేది ఇస్తాడట. మల్లక్క బల్ల మీదికెక్కి ఇంజను మీద చెయ్యి వేసి కూర్చుంది. "నేను కొన్న. బిల్లు నా పేరు మీదుంది. ముట్టుకోండ్రి చూస్త" అంది. వాళ్లు ముట్టుకోలేదు.

శనివారం పదకొండింటికి త్రివిక్రమ్ వచ్చేసరికి యార్డు ముందు యాభై మంది పోగయ్యారు. లింగమూర్తి ఎదురొచ్చి కుర్చీ వేయించాడు, కూల్‌డ్రింకు తెప్పించాడు. త్రివిక్రమ్ రెండూ ముట్టకుండా నేరుగా బల్ల దగ్గరికి నడిచాడు.

"సార్, ఆమె మా ఇంటి పిల్ల లెక్క" అన్నాడు లింగమూర్తి. "జాగ ఖాళీ చెయ్యమన్ననని కోపమున్నది. గంతే సంగతి."

రాజకుమారి జవాబు చెప్పలేదు. చిన్న అద్దం ముక్కను ఎండకు పట్టి, వెలుగును సెల్ఫ్ మోటరు కిందికి పంపించింది. "వంగుండ్రి సార్."

తెల్ల చొక్కా నల్లబడుతుందని కూడా చూసుకోకుండా త్రివిక్రమ్ వంగాడు. చాలాసేపు లేవలేదు. లేచి, "పదకొండు. తొమ్మిది చుక్కలు" అన్నాడు, అందరికీ వినపడేట్టు.

"అద్దంల ఏదన్న కనపడ్తది" అన్నాడెవరో వెనక నుంచి.

"అయితె వచ్చి చేత్తో తడుము" అంది రాజకుమారి. ఆమె గుంపు వైపు తిరిగింది. "అందరు రాండ్రి. నేను చెప్పినందుకు నమ్మకుండ్రి. ఆడది, దానికేం తెల్సనుకునెటోళ్లు ముందు రాండ్రి. గుద్దిన నెంబరు గీకచ్చు, ఇది గీకితె చదునైతది. ఇంకో అంకె పుట్టది."

గుంపు పక్కకు జరిగింది. మొగిలి వస్తున్నాడు, కర్ర పట్టుకుని. లింగమూర్తి ముందు నుంచే నడిచి వచ్చి, బిడ్డ వైపు చూడకుండా ఇంజను ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఇనుమును తడిమిన చెయ్యి కిందికి పోయింది. కళ్లు మూసుకుని తడిమాడు.

"పదకొండు" అని అరిచాడు. తన మాట తనకే వినపడదు కాబట్టి మళ్లీ అరిచాడు. "పదకొండురా లింగమూర్తీ!"

లింగమూర్తి కూలరు వైపు చూస్తూ నిలబడ్డాడు. త్రివిక్రమ్ గుద్దిన చోటును సన్న ఎమరీ కాగితంతో మెల్లగా రుద్దించాడు. కొత్త అంకెల కింద, వాటికి అడ్డంగా, ఇంకో అంకె నీడలాగా తేలింది. ఏడు కావచ్చు, ఒకటి కావచ్చు. ఫోటోలు తీసుకుని, పంచనామా రాసి, పోలీసులకు ఫోను చేశాడు. ఆ ఇంజను అసలు ఎవరి బండిలోదో, ఆ బండి ఏమైందో ఇప్పటికీ తేలలేదు. వెనక గదిలో మాత్రం అంకెలు గుద్దే ఉలులు ఒక డబ్బా నిండా దొరికాయి.

ఆదివారం రాజకుమారి షెడ్డు ఖాళీ చేసింది. పోలీసులు యార్డుకు తాళం వేశారు కదా, ఇప్పుడెవరు పొమ్మంటారని మల్లక్క అడిగింది. "సరె అని చెప్పిన. పోవాలె కద" అంది రాజకుమారి. చైను పుల్లీ, బల్ల, పానాలు ఒక ట్రాలీలో ఎక్కించుకుని, రాజీవ్ రహదారి వైపు పోయే దారిలో, ఒక టైర్ల దుకాణం పక్కన నాలుగు గుంజలు పాతి టార్పాలిన్ కట్టింది. సంఘం అన్నంత పనీ చేసింది. రెండు వారాలు ఒక్క బండి రాలేదు. మల్లక్క కాంట్రాక్టు కూడా పోయింది. వరంగల్ నుంచి తెచ్చిన ఇంజను బిగించి వ్యాను నడిచేసరికి నెల దాటింది. ఇప్పుడామె బడి పిల్లలను తిప్పుతోంది. గుట్ట మీది పని కంటే అందులో వచ్చేది తక్కువే.

మూడో వారం సదయ్య వచ్చాడు. బండిని దూరంగా మలుపు దగ్గర ఆపి నడిచి వచ్చాడు. "ఒక్కసారి చూస్తవా? ఎవలకు చెప్పద్దు" అన్నాడు.

"బండి ఇటు తీస్కరా అన్నా. రోడ్డు మీద, అందరు చూస్తుండంగ చూస్త. దొంగలెక్క చూడను. నువ్వు మోసపోయినోనివి, మోసం చేసినోనివి కాదు. అట్లనే రాసి సారుకు ఇస్త."

సదయ్య వెళ్లి బండి తెచ్చాడు. అతని ఇంజను పోతలో పదమూడు ఉంది, నెంబరు పద్దెనిమిదిది. అతను తలపట్టుకుని కూర్చుంటే ఆమె పక్కన నిలబడి ఉత్తరం రాసిచ్చింది. త్రివిక్రమ్ ఆ బండిని సీజు చెయ్యలేదు. ఇంజను మార్చుకోవడానికి గడువిచ్చాడు. ఆ మాట అడ్డాకు చేరాక మిగతావాళ్లు కూడా వచ్చారు, ఒక్కొక్కరే. మొత్తం పదకొండు బండ్లు.

జూన్‌లో మొదటి వాన పడ్డ రోజు లింగమూర్తి వచ్చాడు. బెయిలు మీద ఉన్నాడు. గొడుగు లేదు, సగం తడిసి ఉన్నాడు. టార్పాలిన్ కింద స్టూలు మీద కూర్చుని, కారుతున్న నీళ్లను చూస్తూ, "ఇదేం బతుకు బిడ్డా, వానల పని చేసుకుంట" అన్నాడు.

"నడుస్తంది కాకా."

"వకీలు అంటున్నడు. నీ మాట మీదనే కేసు నిలబడ్డదట. పోత చూసుట్ల పొరపాటు అయ్యుండచ్చు అని ఒక్క ముక్క రాస్తె చాలు. షెడ్డు నీ పేరు మీద చేస్త. రిజిస్ట్రీ."

రాజకుమారి చేతిలో పని ఆపలేదు. ముసలివాడయ్యాడు అనుకుంది. జాలి వేసింది. ఆ జాలిని ఆమె దాచుకోలేదు. గుడ్డతో చేతులు తుడుచుకుని, టైర్ల దుకాణం వైపు తిరిగి రెండు చాయ్‌లు చెప్పింది.

"చాయ్ తాగి పో కాకా, వాన తగ్గినంక" అంది. "సంతకం మాత్రం అడుగకు. ఇయ్యాలడిగినా, పదేండ్లకడిగినా అది పదకొండే."